అన్నా నగర్ ఎకనామిక్స్ ఆప్షనల్ వీకెండ్ బ్యాచ్: పేపర్ 1కి ఓకే, పేపర్ 2కి వద్దు

నెల్లూరు, తిరుపతి నుంచి చెన్నై వచ్చే మనవాళ్ళు యూపీఎస్‌సీ ఎకనామిక్స్ ఆప్షనల్‌కి ఎక్కడ చేరాలని అడుగుతూనే ఉంటారు, అందుకే రాస్తున్నా. రౌండ్‌టానా దగ్గర్లో మేడ మీద ఉంటుంది ఈ సెంటర్. గ్రోత్ అండ్ డెవలప్‌మెంట్ చెప్పే సార్ రిటైర్డ్ ప్రొఫెసర్, యూనివర్సిటీలో పాఠాలు చెప్తూనే మధ్యలో చాలా ఏళ్ళు ఆఫ్రికాలో ప్రాజెక్టుల మీద పనిచేసొచ్చారు. సెంటర్‌లో అసలు సరుకు ఆయనే.

హెచ్‌డీఐ (మానవాభివృద్ధి సూచిక) అంటే గైడ్లలో ఏముంటుంది, 1990, యూఎన్‌డీపీ, మహబూబ్ ఉల్ హక్, ఆరోగ్యం చదువు ఆదాయం, అంతే. సార్ ఆ మూడింటికీ ఒక దేశం స్కోర్లు అనుకోమని బోర్డు మీద 0.9, 0.9, 0.3 వేసి "సగటు ఎంతమ్మా" అన్నారు, 0.7 అన్నాం. మూడూ గుణించి క్యూబ్ రూట్ తియ్యండి అన్నారు, 0.62 వచ్చింది. 2010 నుంచి లెక్క ఇలాగే వేస్తున్నారంట, అంటే బడులు సరిగ్గా లేని దేశం చమురు డబ్బులు చూపించి మొత్తం కవర్ చేసుకోవడం కుదరదు. గైడ్‌లో ఆ ఒక్క లైను ఎన్నిసార్లు చదివానో, బుర్రకెక్కింది మాత్రం ఆ రోజే. పేదరికం గీత కూడా అంతే, ప్రపంచ బ్యాంకు 1990లో రోజుకి డాలర్ అంది, 2015లో 1.90, 2022లో 2.15, 2025లో 3 అంది, ఈ గీత జరిగినప్పుడల్లా పేదోళ్ళ సంఖ్య ఎలా మారిపోద్దో ఇండియా లెక్కతో చూపించారు.

లూయిస్ మోడల్ (పల్లెల్లో మిగులు కూలీలు ఫ్యాక్టరీలకి మారడం గురించి ఆర్థర్ లూయిస్ చెప్పింది) అందరూ డయాగ్రమ్ వేసి వదిలేస్తారు కదా, ఈయన 1954లో లూయిస్ రాసిన రీసెర్చ్ పేపర్ చెప్పి, అదే లూయిస్ 1957లో ఘనా ప్రభుత్వానికి సలహాదారుగా వెళ్ళి అక్కడి ప్రధాని ఎన్‌క్రుమాతో పడక రెండేళ్ళు కూడా ఉండకుండా వచ్చేసిన సంగతి చెప్పారు. ఇంకోరోజు మాల్కమ్ ఆదిశేషయ్య గురించి, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినాయన యునెస్కోలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా వెళ్ళి, తిరిగొచ్చి 1971లో ఇక్కడే అడయార్‌లో ఎంఐడీఎస్ (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) పెట్టాడని. వెనక బెంచీ నుంచి ఎవడో "సార్ ఇది ఎగ్జామ్‌లో వస్తదా" అంటే "రాదు" అని ఇంకో అరగంట అదే చెప్పారు. నాకైతే నచ్చింది, సిలబస్ టెన్షన్ ఉన్నోళ్ళకి మండుద్ది.

ఇక మిగతాది. పేపర్ 2లో ఇండియన్ ఎకానమీ చెప్పే ఆయన స్లైడ్లు చదివేస్తాడు, డౌట్ అడిగితే నెక్స్ట్ క్లాస్ అంటాడు. టెస్ట్ పేపర్లు ఎప్పుడో తిరిగొస్తాయి, మీద "గుడ్, ఇంప్రూవ్" తప్ప ఏమీ ఉండదు, ప్రొఫెసర్ సార్ దిద్దరు. నోట్స్ జిరాక్స్‌లో గ్రాఫుల అంచులు కట్, ఏసీ ముందు రెండు వరసలకే. ఫీజు మాత్రం తక్కువేం కాదు, గట్టిగా అడిగితే వాయిదాల్లో కట్టనిస్తారు.

డెమో క్లాస్ అడిగేటప్పుడు సార్ ఉన్న రోజే అడగండి, ఆయన టీ బ్రేక్‌లో మనతో చిత్తూరు యాసలో బాగానే మాట్లాడతారు. పేపర్ 1కి మాత్రమే ఫీజు కడతానంటే మొదట కుదరదంటారు, మళ్ళీ వాళ్ళే ఫోన్ చేస్తారు.