పురావస్తు శాస్త్ర వారాంతపు శిక్షణ: ఎనిమిది ఆదివారాల తర్వాత నా అభిప్రాయం

పురావస్తు శాస్త్రాన్నే వృత్తిగా ఎంచుకోవాలని డిగ్రీ మొదటి ఏడాది నుంచీ అనుకుంటున్న నేను, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ నడిపే వారాంతపు శిక్షణకు ఎనిమిది ఆదివారాలు వెళ్ళాను. బోధన కట్టిన ఫీజుకు తగ్గట్టుగానే ఉంది. ఉద్యోగాల గురించి చేరేటప్పుడు చెప్పిన మాటలు మాత్రం నిజానికి దూరంగా ఉన్నాయి.

నాకు బాగా నచ్చినది చిల్లపెంకుల తరగతి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకును చేతిలో పెట్టి, ఆ రెండు రంగులు ఎలా వచ్చాయో చెప్పమన్నారు మాస్టారు. కుండను బోర్లించి కాల్చితే లోపలికి గాలి అందక నల్లబడుతుందనీ, గాలి తగిలిన బయటి వైపు ఎర్రబడుతుందనీ, మన ఊళ్ళలో రాక్షసగుళ్ళు అని పిలిచే బృహత్ శిలాయుగపు సమాధుల్లో ఇలాంటి పాత్రలు తరచుగా దొరుకుతాయనీ ఆయన వివరించారు. ఆ తర్వాత పెంకులను మెత్తని బ్రష్‌తో కడిగి, నీడన ఆరబెట్టి, ఏ గుంతలో ఏ పొరలో దొరికిందో లోపలి వైపున సన్నని అక్షరాలతో సిరాతో రాయడం మా చేత చేయించారు. నేను రెండు గంటల్లో పదకొండు పెంకులే పూర్తిచేయగలిగాను. ఈ వృత్తిలో ఓపిక ఎంత అవసరమో నాకు అప్పుడే అర్థమైంది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం సందర్శన త్వరగా ముగిసింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో మాత్రం రోజంతా గడిపాం. 1914లో ఏర్పడిన నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు తొలి డైరెక్టర్ అయిన గులాం యాజ్దానీ 1940వ దశకం ఆరంభంలో తవ్వించిన ఆ శాతవాహనుల నాటి పాటిదిబ్బ (పాత ఊరి శిథిలాలు పేరుకున్న మట్టిదిబ్బ) మీద నిలబడి పాఠం వినడం నేను మరచిపోలేని అనుభవం.

ఇక నా అభ్యంతరం. ఈ సర్టిఫికెట్ ఉంటే నేరుగా తవ్వకాల్లో ఉద్యోగం వస్తుందని చేర్చుకునేటప్పుడు చెప్పారు. అది సరికాదు. రక్షిత కట్టడాలకూ తవ్వకాలకూ వర్తించే 1958 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తవ్వకాలు జరపకూడదు. అందువల్ల ఆ పని ప్రధానంగా ప్రభుత్వ శాఖలూ విశ్వవిద్యాలయాలూ చేస్తాయి. ఉస్మానియా వంటి చోట పీజీ చేసి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ దాటి గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే రెండేళ్ళ పీజీ డిప్లొమాలో సీటు సంపాదించడం ఒక మార్గం. ఆ శాఖలో డిప్యూటీ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్ వంటి పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. ఈ వివరాలన్నీ చివరి ఆదివారం, మేము అడిగిన మీదట, మాస్టారే బోర్డు మీద రాసి చూపించారు. వాటిని బ్రోచర్ మొదటి పేజీలోనే అచ్చు వేయవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.