కుర్చీ కాళ్లకు సిలికాన్ తొడుగులు: రెండున్నరేళ్లు వాడాక

మా కింది ఫ్లాట్ మామ్మగారు గొడవ పెట్టుకునే మనిషి కాదు. అందుకే ఆవిడ 2023 జనవరిలో ఒకరోజు లిఫ్ట్ దగ్గర నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, తెల్లారగట్ల మీ ఇంట్లో మంచాలేమైనా జరుపుతున్నారా?" అని మెల్లగా అడిగేసరికి నాకు ప్రాణం చివుక్కుమంది. మేం మంచాలేమీ జరపడం లేదు. మావాడు అప్పుడు ఇంటర్ ఫస్టియర్. నాలుగున్నరకి లేచి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదువుకునేవాడు. కుర్చీ లాక్కోవడం, మధ్యలో మంచినీళ్లకి లేవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. అంతకు మించి ఏమీ లేదు. కింద తాతగారికి మాత్రం అంతకు నాలుగు నెలల ముందే గుండె ఆపరేషన్ అయింది. నిద్రమాత్ర వేసుకుని పడుకున్న మనిషి ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నారట.

మర్నాడు నేనే కిందికి వెళ్లాను. వాళ్ల పడగ్గదిలో మంచం అంచున కూర్చుని, పైన ఉన్న మావాడికి ఫోన్ చేసి, "రోజూ లాగినట్టే కుర్చీ ఒకసారి లాగరా" అన్నాను. మా ఇంట్లో వింటే అది కీచుమనే సన్నటి శబ్దం. కింద అలా లేదు. సీలింగ్ మొత్తం ఒక్కసారిగా గుర్రుమని మూలిగినట్టు ఉంది. ఏ మూల నుంచి వస్తోందో కూడా తెలియలేదు, గది గదంతా మోగింది. మామ్మగారు నా మొహం చూసి, "పోనీలే అమ్మా, పిల్లాడి చదువు కదా" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా బాధేసింది. ఆ రోజు నుంచి ఈ సంగతి తేలేదాకా నాకు అదే టెన్షన్.

మా తమ్ముడు సివిల్ ఇంజనీరు. గాలిలో వచ్చే శబ్దాన్ని శ్లాబు చాలావరకు ఆపేస్తుందనీ, కుర్చీ సంగతి వేరనీ వాడే చెప్పాడు. కుర్చీ కాలు టైల్‌ని నేరుగా అదరగొడుతుంది. టైల్ సిమెంటుతో శ్లాబుకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, మధ్యలో మెత్తటిది ఏమీ ఉండదు. ఆ అదురంతా శ్లాబులోకి దిగి కింది వాళ్ల సీలింగే స్పీకర్ అయి కూర్చుంటుంది. ఇంకొక మాట కూడా చెప్పాడు. కాలు జారుతున్నట్టు మనకి కనిపిస్తుంది గానీ, అది నిజానికి టైల్‌ని పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంటూ పోతుందట, సెకనుకి కొన్ని వందల సార్లు. వయొలిన్ తీగ మీద కమాను చేసే పనీ అదేనట. "టైల్‌ని పట్టుకునే అవకాశం కాలికి ఇవ్వకు అక్కా, అంతే" అన్నాడు. తర్వాత నేను చేసిన ప్రయత్నాల్లో ఏది పనిచేసిందో, ఏది ఎందుకు పనిచేయలేదో అన్నిటికీ ఆ ఒక్క మాటే జవాబు.

మొదట పాత హవాయి చెప్పులు కోసి ముక్కలు అంటించాను. మా అమ్మ స్టీలు బీరువా కింద, కుట్టుమిషన్ కింద అవే పెట్టేది. కుర్చీకి మాత్రం అవి మరీ అన్యాయం. రబ్బరు టైల్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కదా, ముందరికంటే పెద్ద కీచు వచ్చింది. తర్వాత మావాడి టెన్నిస్ బంతులకి గాటు పెట్టి తొడిగాం. అమెరికాలో స్కూళ్లలో, ముఖ్యంగా వినికిడి యంత్రాలు పెట్టుకునే పిల్లలున్న క్లాసుల్లో ఇలా చేస్తారని చదివాను. చప్పుడు నిజంగానే పోయింది. కానీ రోజూ తడిబట్ట పెట్టే ఇంట్లో ఆ బంతుల నూగు వారానికే మురికి పట్టి నల్లబడిపోయింది.

అప్పుడు వెనక జిగురు ఉండే ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్నిలాంటి దళసరి గుడ్డ) బిళ్లలు కొన్నాను. అవి అంటించిన రోజు నాకు పండగే. ఆ ఉత్సాహంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి, "ఇంతకంటే మంచిది లేదు, అందరూ కొనుక్కోండి" అని రాశాను. నలుగురైదుగురు కొన్నారు కూడా. ఆ మాట తొందరపడి అన్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.

విజయవాడలో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాది పడమటి వైపు బాల్కనీ, మధ్యాహ్నం డైనింగ్ హాల్లో టైల్స్ మీద కాలు పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. మెత్తబడ్డ జిగురు మీద కుర్చీని పక్కకి లాగితే బిళ్ల కాలిని వదిలేసి తన దారిన తను పోతుంది. సెలవలకి మా ఆడపడుచు పిల్లలు వచ్చారు, ఆరు కుర్చీలకీ రోజంతా విరామం లేదు. ఒకరోజు ఎక్కడో సన్నగా బరబరమని వినిపిస్తే కుర్చీ తిరగేసి చూశాను. బిళ్ల గోరంత పక్కకి జరిగిపోయి ఉంది. జరిగిన చోట జిగురు బయటపడి, దానికి వెంట్రుకలు, చపాతీ పిండి, బాల్కనీలోంచి వచ్చిన ఇసుక, అన్నీ కలిసి నల్లటి ముద్దలా అంటుకున్నాయి. టైల్ మీద జానెడు పొడుగున గీత పడింది. తుడిస్తే పోలేదు, కొబ్బరినూనె రాసినా పోలేదు. జిగురు మరకైతే కొబ్బరినూనెకి పోతుంది. అది ఇసుక రేణువు పాలిష్ మీద గీసిన గీత, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ ఫెల్ట్ బిళ్లల్ని పూర్తిగా తీసిపారేయకండి. కాలిని సబ్బునీళ్లతో కాకుండా స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాక అంటించి, ఒక రోజంతా కుర్చీని కదపకుండా బోర్లా ఉంచితే బాగానే పడుతుంది. మా టీవీ స్టాండు కింద అప్పుడు వేసినవే ఇంకా ఉన్నాయి. ఏడాదికోసారి జరిపే సామానుకి అవి చాలు.

సిలికాన్ తొడుగులు 2023 జూన్‌లో కొన్నాను. కాలికి సాక్సులా తొడిగేవి, అడుగున మందపాటి ఫెల్ట్ అతికించి ఉంటుంది. మా పాప వాటికి "కుర్చీ సాక్సులు" అని పేరు పెట్టింది. రకాలూ రంగులూ అందరూ చూసినవే, ఆ జోలికి పోను. సైజు సంగతి మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే మొదటి ప్యాకెట్ నాకు దండగైంది. కాలి పక్కన స్కేలు పెట్టి ఉజ్జాయింపుగా చూసి కొన్నాను, అన్నీ వదులైపోయాయి. రెండోసారి కాలి అడుగున దారం చుట్టి ఆ దారాన్ని కొలిచాను. 9 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 3.14తో భాగిస్తే 29 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. 27 నుంచి 31 అని రాసి ఉన్న సైజు తెచ్చాను, బిగుతుగా కూర్చుంది. మా కుర్చీలు వడ్రంగి చేత చేయించిన టేకువి, కాళ్లు కిందికి వచ్చేకొద్దీ సన్నబడతాయి. అలాంటి కాళ్లకి అడుగునే కొలవాలి. పైన కొలిస్తే మళ్లీ వదులే.

తొడిగిన మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. హాల్లో లైటు వెలుగుతోంది. మావాడు ఎప్పుడు లేచాడో, ఎప్పుడు కుర్చీ లాక్కున్నాడో నాకు తెలియలేదు. అలాగే పడుకుని చెవులు రిక్కించి విన్నాను. వాడు నీళ్ల కోసం లేచినప్పుడు చాప మీద చెయ్యి రాసినంత చప్పుడు, అంతే. ఆ వారంలోనే మళ్లీ కిందికి వెళ్లి, అదే మంచం అంచున కూర్చుని, మళ్లీ ఫోన్ చేశాను. "లాగావా?" అంటే "మూడుసార్లు లాగానమ్మా" అన్నాడు. మాకు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మామ్మగారు పైకి చూసి, నన్ను చూసి, లోపలికి వెళ్లి ఒక గిన్నెలో సున్నుండలు పెట్టుకొచ్చారు. ఈ రెండున్నరేళ్లలో నేను ఇంటికి ఎన్నో కొన్నాను. ఫ్రిజ్జు మార్చాం, సోఫా మార్చాం. వాటిలో ఏదీ నాకు ఇంత తృప్తినివ్వలేదు.

అయితే, ఇంత మెచ్చుకున్నాక కూడా చెప్పాల్సినవి రెండు ఉన్నాయి. రెండూ చిన్నవి కావు.

ఒకటి తడి. ఆ ఏడాది ఆగస్టు ముసుర్లలో డైనింగ్ టేబుల్ చుట్టూ ఏదో ముక్కవాసన మొదలైంది. టేబుల్ కింద అన్నం మెతుకు పడి కుళ్లిందేమో అనుకున్నాను. రెండు రోజులు వెతికాను. చివరికి మా పనమ్మాయి కుర్చీ ఎత్తి, "అక్కా, దీంట్లో నీళ్లున్నాయి చూడు" అంది. మావి లోపలికి కనిపించే రకం తొడుగులు. సిలికాన్‌కీ చెక్కకీ మధ్య ఒక నీటి చుక్క అటూ ఇటూ కదులుతోంది. పీకి చూస్తే కాలి అడుగు రూపాయి బిళ్లంత మేర నల్లగా అయింది. గోటితో గీరితే మెత్తగా పొట్టు లేచింది. టేకు కాలు! తొడుగు పై అంచు దగ్గర తడిబట్ట తగిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా నీళ్లు దిగుతాయి, దిగినవి బయటికి పోయే దారి లేదు. కాలి అడుగున కోసిన చోట చెక్కకి పాలిష్ కూడా ఉండదు, అక్కడే నీళ్లు బాగా పీలుస్తుంది. ఇరవై నాలుగు కాళ్లూ విప్పి చూశాను. తొమ్మిదింటికి నలుపు పట్టింది. కుర్చీలన్నీ బాల్కనీలో రెండు రోజులు తలకిందులుగా ఆరబెట్టి, నల్లబడ్డ చోట గరుకు కాగితంతో రుద్ది, అడుగున కూడా వార్నిష్ వేయించాను. అప్పటి నుంచి నెలకోసారి ఆదివారం నాడు అన్నీ విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తొడుగుతున్నాను. గంట పని. తుడిచేటప్పుడు కుర్చీలు టేబుల్ మీదికి ఎక్కించమని కూడా పనమ్మాయికి చెప్పాను. ఆ తర్వాత నలుపు మళ్లీ రాలేదు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. మా మామగారికి డెబ్బై తొమ్మిదేళ్లు. భోజనం అయ్యాక పక్క కుర్చీ వీపు పట్టుకుని లేవడం ఆయనకి అలవాటు. తొడుగులు వేసిన రెండో నెలలో ఒక రాత్రి అలా పట్టుకుని లేవబోతే ఆ కుర్చీ నున్నగా ముందుకి జారిపోయింది. నేను పెరుగు గిన్నె తెస్తూ పక్కనే ఉన్నాను కాబట్టి భుజం పట్టుకోగలిగాను. దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టు లేకపోవడమే కదా ఈ వస్తువు గొప్పతనం. ఆ పట్టు కోసమే పెద్దవాళ్లు కుర్చీని ఆసరా చేసుకుంటారు. మర్నాడే ఆయన కూర్చునే కుర్చీకీ, పక్కదానికీ తొడుగులు తీసేసి, మళ్లీ హవాయి చెప్పు ముక్కలే అంటించాను. ఆ రెంటినీ ఎవరూ లాగకూడదు, ఎత్తి పెట్టాలి అని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. కింది వాళ్లకి కూడా వెళ్లి చెప్పాను. అప్పుడప్పుడు ఆ రెండు కుర్చీల చప్పుడు వినపడితే ఏమనుకోవద్దన్నాను. "అయ్యో, మీ మామగారు పడకుండా ఉంటే అదే చాలు" అన్నారు తాతగారు.

అరుగుదల గురించి చెప్పాలంటే, మావాడు కూర్చునే కుర్చీకి ఏడాదిన్నరకే అడుగు ఫెల్ట్ పలచబడి చిల్లు పడింది. మిగిలినవి ఇంకా బాగున్నాయి. సరైన సైజువి రెండు ప్యాకెట్లలో ముప్ఫై రెండు వచ్చాయి, ఇరవై నాలుగు వాడగా ఎనిమిది మిగిలాయి కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది. ఫెల్ట్‌కి వెంట్రుకలు, ఇసుక పట్టడం వీటిలోనూ తప్పదు, పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే పోతాయి. ఇనప మంచం కాళ్లకి వేస్తే బరువుకి వారంలో చిరిగాయి. ఇంకొకటి, ఇవి ఆపేది ఈడ్చే చప్పుడునే. రోట్లో పచ్చడి నూరితే, చేతిలోంచి గరిట జారితే ఆ దడ కిందికి పోతూనే ఉంటుంది. నేను రోటి కింద పాత బొంత మడిచి వేసుకుంటున్నాను, కొంత నయం.

ఇప్పుడు మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కానీ నా లెక్క వేరు. మాకు పైన చెక్క కుర్చీలు, కింద నున్నటి టైల్స్, అడుగున నిద్రపట్టని పెద్దాయన ఉన్నారు. నెలకోసారి విప్పి ఆరబెట్టే ఓపిక నాకుంది. ఇంట్లో ఒకరే ముసలివాళ్లు కాబట్టి రెండు కుర్చీలు వదిలేస్తే సరిపోయింది. మావాడు హాస్టల్‌కి వెళ్లాక కుర్చీల మీద ఒత్తిడి కూడా తగ్గింది, అందుకే ఇన్నాళ్లు వచ్చాయేమో కూడా. మీ ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే మాత్రం ముందు ఒక్క కుర్చీకి వేసి, దాన్ని పట్టుకుని మీరే ఒకసారి లేచి చూడండి. స్టీలు గొట్టాల కుర్చీలైతే నీళ్లు దిగినచోట తుప్పు పడుతుందేమో కూడా చూసుకోవాలి.

మా పాప ఈ ఏడు టెన్త్‌కి వచ్చింది. అన్నయ్య కూర్చున్న కుర్చీయే కావాలంది. దాని కోసం పోయిన వారం ఇంకో ప్యాకెట్ తెప్పించాను. నల్లవి ఇంకా చవకగా ఉన్నాయి గానీ, లోపల నీళ్లు కనపడేలా మళ్లీ పారదర్శకమైనవే తీసుకున్నాను.