ఫారో ఇన్‌స్పెక్టర్‌లో సొంత ట్యాబులు: ఆరు లైన్ల సుఖం, ఒక మౌనమైన దెబ్బ

ఫారో అంటే స్మాల్‌టాక్ తరహా ప్రోగ్రామింగ్ భాష, దాని పనిముట్లు కలిసిన పరిసరం. మన ఆబ్జెక్టులన్నీ ఇమేజ్ అనే ఫైలులో నిలిచి ఉంటాయి. 2008లో అది స్క్వీక్ అనే మరో స్మాల్‌టాక్ నుంచి ఎలా విడిపోయిందో లాంటి కథంతా ఇక్కడ మళ్ళీ చెప్పడం లేదు. ఈ సమీక్ష మొత్తం ఒక్క ఇన్‌స్పెక్టర్ గురించే, అంటే ఆబ్జెక్టు లోపల ఏముందో చూపే విండో గురించే. అందులోనూ దానికి మన ట్యాబులు మనమే తగిలించుకునే సౌకర్యం గురించి. ఏళ్ళ తరబడి వాడాక కూడా ఫారో వదిలిపెట్టకపోవడానికి ఇదొక్కటే కారణం అంటే అతిశయోక్తి కాదు. అదే సౌకర్యం ఎక్కడ కాలు జారుతుందో కూడా చెప్పాలి కాబట్టి సగం పొగడ్త, సగం ఫిర్యాదు.

మామూలు భాషల్లో డీబగ్గరు మన ఆబ్జెక్టును దాని ఎముకలతో చూపిస్తుంది. ఖాతా అనే ఆబ్జెక్టులో మూడు వందల లావాదేవీలుంటే, కనబడేది లోపలి అర్రే, దాని మొదటి ఇండెక్సు, చివరి ఇండెక్సు, అడుగున ఖాళీ గళ్ళు. ఫారోలో ‘రా’ (ముడి రూపం) ట్యాబు చూపేదీ అదే. తేదీ ఫీల్డును తెరుచుకుంటూ లోపలికి పోతే జూలియన్ రోజు సంఖ్య, సెకన్లు, నానోసెకన్లు వస్తాయి. నిజమే, ఆబ్జెక్టు అలాగే ఉంటుంది. కానీ మనకు కావలసింది తేదీ, మొత్తం, మిగులు అనే మూడు నిలువు వరసలు.

ఇక్కడే ఫారో మిగతావాటిని దాటిపోతుంది. ఖాతా క్లాసులో ఒక మెథడ్ రాయాలి. పేరు ఏదైనా కావచ్చు. లోపల మొదటి లైనులో ‘ఇన్‌స్పెక్టర్‌ప్రెజెంటేషన్‌ఆర్డర్:టైటిల్:’ అనే ప్రాగ్మా (మెథడ్‌కి అంటించే గుర్తు) పెట్టి, వరస సంఖ్యా ట్యాబు పేరూ ఇవ్వాలి. ఆ తర్వాత ఒక ‘ఎస్‌పీటేబుల్‌ప్రెజెంటర్’ (తెర మీద పట్టికను చూపే ఆబ్జెక్టు) తయారుచేసి, ఒక్కో నిలువు వరసకూ ‘ఎస్‌పీస్ట్రింగ్‌టేబుల్‌కాలమ్’ జోడించి (టైటిల్ ఒకటి, విలువ తీసే బ్లాకు, అంటే చిన్న కోడు ముక్క, ఒకటి), ‘ఐటమ్స్:’కి లావాదేవీల కలెక్షన్ ఇచ్చి, ఆ ప్రెజెంటర్‌ను వాపసు చేయాలి. అంతే, ఆరేడు లైన్లు. మెథడ్ సేవ్ చేశాక తెరిచే ప్రతి ఖాతా ఇన్‌స్పెక్టర్‌లోనూ ఆ ట్యాబు ఉంటుంది. రీస్టార్టు అక్కర్లేదు, ప్లగిన్ ఫోల్డరు అక్కర్లేదు, కాన్ఫిగరేషన్ ఫైలు అసలే లేదు. వరసలో ఒక లావాదేవీని నొక్కితే కుడిపక్క పేన్‌లో దాని ఇన్‌స్పెక్టర్ తెరుచుకుంటుంది. దానికీ సొంత ట్యాబు రాసి ఉంటే అదీ అక్కడే కనిపిస్తుంది.

నేర్చుకోవడానికి డాక్యుమెంటేషన్ కన్నా మంచి దారి ఉంది. సిస్టమ్‌లోని ట్యాబులన్నీ ఇదే ప్రాగ్మాతో రాసినవే. పూర్ణాంకాన్ని ఇన్‌స్పెక్టు చేస్తే పదహారు, ఎనిమిది, రెండు ఆధారాలుగా అదే అంకెను చూపే పట్టిక, కంపైల్ అయిన మెథడ్‌కి బైట్‌కోడు, ఏఎస్టీ (కోడు నిర్మాణాన్ని చూపే చెట్టు) ట్యాబులు, డైరెక్టరీ రిఫరెన్సుకి లోపలి ఫైళ్ళ జాబితా, అన్నీ అంతే. మనకు కావలసినదానికి దగ్గరగా ఉన్న మెథడ్‌ను ఫారో కోడు బ్రౌజర్‌లో తెరిచి, కాపీ చేసి, మార్చుకోవడమే. కొన్ని మెథడ్‌లు బిల్డర్ అనే ఆర్గ్యుమెంటు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. రెండు రకాలూ చెల్లుతాయి కాబట్టి అది చూసి తికమక పడనక్కర్లేదు. పట్టికతోనే సరిపెట్టుకోవాల్సిన పని కూడా లేదు. మార్ఫ్ (తెర మీది బొమ్మ) కావచ్చు, రోస్సల్ అనే లైబ్రరీతో గీసిన గ్రాఫు కావచ్చు, ప్రెజెంటర్ అయితే చాలు.

వాడకంలో పడ్డాక తెలిసిన మెళకువలు కొన్ని. వరస సంఖ్య చిన్నదైతే ట్యాబు ఎడమవైపుకి వస్తుంది. కొత్తగా రాస్తున్నప్పుడు కావాలనే పెద్ద అంకె ఇవ్వడం మేలు, ఎందుకంటే అప్పుడది చివరకి పోతుంది, విండో తెరవగానే ముందుకొచ్చేది అది కాదు. ట్యాబు కట్టే కోడులోనే తప్పుంటే, ఆ తప్పు వెతకడానికి అదే ఆబ్జెక్టును ఇన్‌స్పెక్టు చేయకూడదు. మళ్ళీ అదే ట్యాబు కట్టబోయి మళ్ళీ అక్కడే పడుతుంది. ప్లేగ్రౌండులో (కోడు రాసి అక్కడికక్కడే నడిపి చూసే విండోలో) మెథడ్‌ను నేరుగా పిలిచి, వచ్చిన ప్రెజెంటర్‌ను ప్రింట్ చేసి చూసుకోవాలి. నిలువు వరస బ్లాకుకి నిల్, అంటే ‘విలువ లేదు’ అనేది, తగలడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. తేదీ లేని ఒక్క లావాదేవీ చాలు డీబగ్గరు ఊడిపడడానికి.

వేగం విషయం మెలిక ఉన్నది. స్క్రీను మీద కనబడే వరసల్నే పట్టిక గీస్తుంది కాబట్టి లక్ష వరసలున్నా స్క్రోలింగు బాగానే ఉంటుంది. అయితే ఆ లక్ష వరసల కలెక్షన్ ముందే తయారై ఉండాలి, అది మన ఖర్చు. వరస తెర మీదకు వచ్చినప్పుడల్లా బ్లాకు నడుస్తుంది కనుక అందులో డేటాబేసు ప్రశ్న పెట్టడమంటే కొరివితో తల గోక్కున్నట్టే. ఫారో ప్రాసెసులు గ్రీన్ థ్రెడ్లు, అంటే వాటిని ఆపరేటింగ్ సిస్టమ్ కాక ఫారోనే వంతులవారీగా నడుపుతుంది. ఇంటర్‌ఫేసు మొత్తాన్ని వాటిలో ఒకటే నడిపిస్తుంది. ఆ ఒక్కటి మన బ్లాకులో ఇరుక్కుంటే బ్రౌజర్‌తో సహా అన్ని విండోలూ గడ్డకడతాయి. కమాండ్-చుక్క, లేదా మీ కీబోర్డులో దానికి సమానమైనది, నొక్కితే చాలాసార్లు బయటపడవచ్చు. ప్రతిసారీ కాదు.

ఇక అసలు దెబ్బ.

2020లో వచ్చిన ఫారో 8 వరకూ ఉన్నది జీటీ ఇన్‌స్పెక్టర్. దాని ప్రాగ్మా వేరు: ‘జీటీఇన్‌స్పెక్టర్‌ప్రెజెంటేషన్‌ఆర్డర్:’. మెథడ్‌కి కాంపోజిట్ అనే ఆర్గ్యుమెంటు వచ్చేది, దానికే పట్టికనో చెట్టునో తగిలించేవాళ్ళం. 2021లో ఫారో 9 వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్‌ను స్పెక్ 2 అనే ఇంటర్‌ఫేసు ఫ్రేమ్‌వర్క్ మీద కొత్తగా రాశారు, ప్రాగ్మా మారింది. మార్పు తప్పేం కాదు. పాతది గ్లామర్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్ మీద నిలబడి ఉంది, పనిముట్లన్నీ ఒకే పునాది మీదకి రావడం మంచిదే. గొడవంతా అది విరిగిన తీరులో ఉంది.

పాత కోడును కొత్త ఇమేజ్‌లోకి లోడు చేస్తే ఎర్రర్ రాదు. వార్నింగూ రాదు. టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ తెరిస్తే ‘రా’, ‘మెటా’ ఉంటాయి, మన ట్యాబులు మాత్రం ఉండవు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కారణం తెలిస్తే సిల్లీగా అనిపిస్తుంది: ప్రాగ్మా అనేది మెథడ్ మీద అంటించిన చీటీ మాత్రమే, దానంతట అది ఏ పనీ చేయదు. ఎవరో వచ్చి ఆ పేరున్న చీటీలు ఏరుకుపోతేనే దానికి అర్థం. పాత చీటీలు ఏరేవాడు వెళ్ళిపోయాడు, చీటీలు ఉన్నచోటే ఉన్నాయి. మెథడ్ లోపలి మెసేజ్‌లు కాంపోజిట్ అనే ఆర్గ్యుమెంటుకి పోతాయి కనుక కంపైలరుకి కూడా అనుమానం రాదు, అందులో లేని క్లాసు పేరేమీ ఉండదు కదా. పిలవని మెథడ్ ఎప్పటికీ ఫెయిల్ అవదు.

ఏమేం మిగిలిపోయాయో వెతకడం తేలికే. కొత్త ఇమేజ్ ప్లేగ్రౌండులో ప్రాగ్మా క్లాసుని ‘ఆల్‌నేమ్డ్:’ అనే మెసేజ్‌తో పాత పేరు ఇచ్చి అడిగితే, ఆ చీటీల జాబితా చేతికొస్తుంది, ఒక్కో చీటీ ఏ మెథడ్‌దో దాన్నే అడగవచ్చు. తిరగరాయడం మాత్రం పేర్లు మార్చడంతో తీరదు. పాతదాంట్లో ట్యాబు పేరు మెథడ్ లోపల ‘టైటిల్:’గా ఉండేది, ఇప్పుడు ప్రాగ్మాలోకి పోయింది. ‘కాలమ్: ఎవాల్యుయేటెడ్:’ అన్న ఒక్క మెసేజ్ స్థానంలో కాలమ్ ఆబ్జెక్టు వచ్చింది. ‘వెన్:’ అని షరతు పెట్టి ట్యాబును దాచే సౌకర్యం ఉండేది. దాని బదులు ఇప్పుడు మెథడ్ పేరు చివర ‘కాంటెక్స్ట్:’ చేర్చిన రెండో మెథడ్ రాసి, అందులో వచ్చే కాంటెక్స్టుకి ‘యాక్టివ్:’ అని నిజమో అబద్ధమో చెప్పాలి. కింది కోడు పేన్ వద్దనుకుంటే అదే చోట ‘వితవుట్‌ఎవాల్యుయేటర్’ అనాలి.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘డిస్‌ప్లే:’. పాత ఇన్‌స్పెక్టర్‌లో దానికి బ్లాకు ఇచ్చేవాళ్ళం, అవసరమైనప్పుడు అది నడిచి తాజా కలెక్షన్ ఇచ్చేది. కొత్త ‘ఐటమ్స్:’కి తయారైన కలెక్షనే ఇవ్వాలి. అంటే పట్టిక కట్టిన క్షణానికి ఏముందో అదే కనిపిస్తుంది. ఆ తర్వాత ఖాతాలోకి లావాదేవీ చేరినా, వడగట్టి తీసిన జాబితా అయితే పట్టికకు ఆ సంగతే తెలియదు. కోడు సరిగ్గానే ఉన్నా డేటా పోయిందని భ్రమ పెట్టే చోటు ఇది. విండో మూసి మళ్ళీ ఇన్‌స్పెక్టు చేయడం ఖాయమైన మందు.

ఇలాంటి మౌనాన్ని ముందే పట్టడానికి ఎస్‌యూనిట్ అనే టెస్టు ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ఒక చిన్న టెస్టు చాలు. ట్యాబు మెథడ్‌ను పిలిచి, వచ్చిన ప్రెజెంటర్‌లో ఎన్ని వరసలున్నాయో సరిచూడాలి, విండో తెరవనక్కర్లేదు. దాంతోపాటు, ఆ మెథడ్‌లో ఇన్‌స్పెక్టర్ ప్రస్తుతం ఏరుకునే ప్రాగ్మా ఉందో లేదో కూడా చూడాలి. మొదటి దాంతోనే ఆపేస్తే మళ్ళీ పేరు మారిన రోజున మెథడ్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, ట్యాబే ఉండదు.

ప్యాకేజీ విషయంలో మొదటి రోజే తీసుకోవలసిన నిర్ణయం ఒకటుంది. ట్యాబు మెథడ్‌లను ప్రధాన ప్యాకేజీలో కాకుండా, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ప్రోటోకాల్ (మెథడ్‌ల గుంపు పేరు)తో వేరే ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీలో పెట్టండి. టోనెల్ అనే సోర్సు ఫైళ్ళ పద్ధతిలో అవి విడి ఎక్స్‌టెన్షన్ ఫైలుగా పడతాయి. లేకపోతే ఇంటర్‌ఫేసు లేని చిన్న ఇమేజ్‌లోకి సర్వరు కోసం లోడు చేసినప్పుడు ప్రెజెంటర్ క్లాసులు దొరక్క, అన్‌డిక్లేర్డ్ వేరియబుల్ అనే హెచ్చరికలు వరసకడతాయి. పైగా వెర్షను మారినప్పుడు తిరగరాయాల్సిందంతా ఒకేచోట దొరుకుతుంది.

ఇంకొక చాప కింద నీరు ఇమేజ్ సైజు. తెరిచి ఉంచిన ఇన్‌స్పెక్టర్ తన ఆబ్జెక్టును, అది పట్టుకున్న సమస్తాన్నీ బతికే ఉంచుతుంది. అలాగే ఇమేజ్ సేవ్ చేస్తే అదంతా డిస్కు మీదకి చేరుతుంది, రేపు మళ్ళీ లేస్తుంది. ఇమేజ్ అకారణంగా బరువెక్కుతుంటే అనుమానించిన క్లాసుకి ‘ఆల్‌ఇన్‌స్టాన్సెస్ సైజ్’ పంపి చూడండి. ఉండకూడని ఆబ్జెక్టు ఉంటే దానికి ‘పాయింటర్స్‌టూ’ పంపితే పట్టుకున్నవాళ్ళు బయటపడతారు. చాలాసార్లు ఆ పట్టుకున్నది వారం క్రితం తెరిచి వేరే విండో వెనక మరిచిపోయిన ఇన్‌స్పెక్టరే.

పైన ఆరు లైన్ల పని అన్నది రాసే రోజు లెక్క. నిలబెట్టుకునే లెక్క వేరు. ట్యాబులు పది పన్నెండు దాటాక, వెర్షను మారిన ప్రతిసారీ వాటికని ఒక పూట పక్కన పెట్టుకోవాలి. ఒకే డొమైన్ ఆబ్జెక్టులతో నెలల తరబడి కూర్చునేవాళ్ళకి, ముఖ్యంగా చిన్న బృందానికి, ఆ పూట దండగ కాదు. ఒక్క పట్టిక చాలాసార్లు డీబగ్గరు తెరిచే అవసరమే తప్పిస్తుంది. స్క్రిప్టు రాసి, నడిపి, పారేసే పనైతే ‘రా’ ట్యాబు చాలు. ప్రోగ్రాం ఎక్కువభాగం తెరలేని సర్వరులో నడిచేవాళ్ళకి, అక్కడి తప్పును తమ ఇమేజ్‌లో మళ్ళీ పుట్టించగలిగితేనే ఇది పనికొస్తుంది. ఇంకా ఫారో 8లో ఉండి పాత ట్యాబుల మీద ఆధారపడ్డవాళ్ళు, ‘ఆల్‌నేమ్డ్:’ జాబితా ఎంత పొడుగుందో చూసుకోకుండా మారే తేదీ ఎవరికీ చెప్పకండి.