శాతవాహన నాణేల గురించి నేర్చుకోవాలంటే నేను వాడే సైట్లు: నా రివ్యూ

మన హైదరాబాద్‌లో పాత నాణేల మీద ఇంట్రెస్ట్ ఉన్నోళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక యూట్యూబ్‌లో వెతుకుతారు, అక్కడేమో "ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షలు మీవే" అనే వీడియోలే ఎక్కువ. వాటితో ఒక్క ముక్క కూడా రాదండి. నేను వాడేవి చెప్తాను, అన్నీ ఫ్రీనే.

నాకు బాగా నచ్చింది జెనో డాట్ ఆర్‌యూ. తూర్పు దేశాల నాణేల డేటాబేస్ ఇది, కలెక్టర్లు తమ దగ్గరున్నవి ఫోటో తీసి బరువు, సైజుతో సహా పెడతారు. ఇదెందుకు ముఖ్యమంటే, శాతవాహనుల సీసం నాణేల్లో చాలావాటికి అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, దాంతో అంచు చుట్టూ ఉండే బ్రాహ్మీ అక్షరాలు సగం బయటికి పోతాయి. యజ్ఞశాతకర్ణి ఏనుగు నాణెమే తీసుకోండి, ఒకదాంట్లో "సిరి యఞ" వరకే కనిపిస్తుంది, ఇంకోదాంట్లో "సాతకణిస" మిగులుతుంది, అలా ఒకే రకానివి నాలుగైదు పక్కపక్కన పెట్టుకుని చూస్తే రాజు పేరు మొత్తం మనమే చదివేయొచ్చు. ఆ ఆనందం ఏ వీడియోలోనూ దొరకదు, నిజంగా!

కొత్తవాళ్లయితే ముందు కాయిన్‌ఇండియా చూడండి. రాజవంశాల వారీగా ఉంటుంది, ఫోటో పక్కనే వివరం కూడా ఉంటుంది, శాతవాహన నాణేల మీద తరచూ కనిపించే ఉజ్జయిని గుర్తు (ప్లస్ ఆకారం, నాలుగు చివర్లా గుండ్రాలు) ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

లోతుగా వెళ్లాలంటే రాప్సన్ కేటలాగ్, 1908లో బ్రిటిష్ మ్యూజియం వేసింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ఉంది. అక్షరాలు చదవడం నేర్చుకోడానికి ఇప్పటికీ చాలా మంచిది, కాకపోతే మన జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన గోబద, నారన అనే స్థానిక రాజుల నాణేలు, తొలి శాతవాహన రాజు చిముక నాణేలు దాంట్లో ఉండవు, అవి బయటపడింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. అందుకని ఆ ఒక్క పుస్తకమే పట్టుకుని శాతవాహనుల మొదటి రాజుల గురించి ఒక నిర్ణయానికి రావొద్దు.

రోమన్ నాణేలకైతే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఓసీఆర్‌ఈ (ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్) అనే సైట్. క్రీ.పూ. 31 నుంచి క్రీ.శ. 491 దాకా చక్రవర్తుల నాణేలన్నీ రకాల వారీగా ఉంటాయి. రోమ్‌తో మనకేం పని అనుకోకండి, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్పే దొరికింది. టైబీరియస్ పేరు పెట్టి వెతికితే కుర్చీలో కూర్చున్న స్త్రీ బొమ్మ ఉన్న డినేరియస్ (రోమన్ వెండి నాణెం) వస్తుంది, మన దేశంలో ఎక్కువగా దొరికిన రకాల్లో అదొకటి.

ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఫోన్ కంటే కంప్యూటర్‌లో చూడ్డం మేలు. ఇంకొకటి, ఫోటోలో మందం తెలీదు, సీసం ఎంత అరిగిందో తెలీదు. అందుకే ఒక రకం బాగా గుర్తుపట్టడం వచ్చాక పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి వెళ్లి అసలు నాణేలు చూడండి, లేబుల్ చదవకముందే ఏ రాజుదో చెప్పడానికి ట్రై చేయండి.