ట్యాక్టికల్ కోర్సుకు ఇంపాక్ట్ స్పోర్ట్ ఇయర్ మఫ్ సరిపోతుందా?

ఆత్మరక్షణకు తుపాకీ వాడటం నేర్పే రెండు రోజుల ట్యాక్టికల్ పిస్టల్ కోర్సుకు మొదటిసారి పేరు ఇచ్చిన పౌరులు హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర) గురించీ బెల్టు గురించీ వారాల తరబడి తర్జనభర్జన పడతారు. చెవుల సంగతి మాత్రం చివరి రోజున గుర్తొస్తుంది. నిజానికి కోర్సులో తుపాకీ పేలే సమయం కంటే ఇన్‌స్ట్రక్టర్ మాట్లాడే సమయమే ఎక్కువ. ఆ మాట సరిగ్గా వినపడకపోతే డ్రిల్లు తప్పుతుంది. 'సీజ్ ఫైర్' (కాల్పులు ఆపండి) అన్న కేక వినపడకపోతే పక్కనున్నవాళ్లకే ప్రమాదం. అందుకే ఈ కోర్సులకు మామూలు మఫ్ (చెవులను కప్పే రక్షణ కప్పులు) కాక ఎలక్ట్రానిక్ మఫ్ కావాలి. ఆ రకంలో ఫైరింగ్ లైన్ మీద బాగా కనిపించేది హోవర్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్. కొనదగ్గ వస్తువే. కాకపోతే పెట్టెలోంచి తీసి తలకు తగిలించుకుంటే పని అయిపోయినట్టు కాదు.

ఇది పనిచేసే తీరు సులువు. కప్పుల బయట మైకులు, లోపల స్పీకర్లు ఉంటాయి. చుట్టూ వినపడే చిన్న శబ్దాలను పెంచి వినిపిస్తుంది, చప్పుడు 82 డెసిబెల్స్ చేరగానే ఆ పెంచడం ఆపేస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు: మోతను ఎలక్ట్రానిక్స్ మింగేస్తుందనుకుంటారు. మోతను అడ్డుకునేది ప్లాస్టిక్ కప్పు, అందులోని ఫోమ్, చెవి చుట్టూ అతుక్కునే కుషన్. బ్యాటరీ అయిపోయినా రక్షణ తగ్గదు. అదే కుషన్ కింద సందు ఏర్పడితే కొత్త బ్యాటరీ వేసినా లాభం లేదు.

ఆ రక్షణ ఎంత అన్నదే దీని బలహీనత. దీని నాయిస్ రిడక్షన్ రేటింగ్, అంటే చప్పుడును ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె, 22. 9 ఎం.ఎం. పిస్టల్ మోత పేల్చేవారి చెవి దగ్గర 160 డెసిబెల్స్‌కు దగ్గరగా ఉంటుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇలాంటి క్షణికమైన మోతకు పెట్టిన గరిష్ఠ హద్దు 140. పైగా మఫ్‌ల మీద అచ్చువేసిన రేటింగ్‌లో పాతిక శాతం కోసేసి లెక్కపెట్టుకోమని ఆ సంస్థే చెబుతుంది. అంటే 22 కాస్తా 16.5 అవుతుంది. రేటింగ్‌ను కొలిచేది ఆగకుండా వచ్చే శబ్దం మీద, తుపాకీ మోత మీద కాదు. కాబట్టి ఈ తీసివేత కచ్చితమైన లెక్క కాదు, కానీ చేతిలో మిగులు ఎంత తక్కువో తెలుస్తుంది. పైకప్పూ గోడలూ ఉన్న రేంజ్ అయితే మోత తిరిగి తగులుతుంది. పక్క లేన్‌లో గొట్టం మూతికి మజిల్ బ్రేక్ అనే తొడుగు బిగించిన రైఫిల్ ఉంటే ఇంకా దారుణం, ఎందుకంటే ఆ బ్రేక్ పేలుడు వాయువును పక్కలకే తోస్తుంది.

పరిష్కారం మఫ్ కింద, చెవి రంధ్రంలో దూర్చుకునే ఫోమ్ ఇయర్ ప్లగ్. ప్లగ్ రేటింగ్ 32, మఫ్‌ది 22, రెండూ కలిపితే 54 అనుకోకండి. రెండింట్లో పెద్దదానికి దాదాపు 5 డెసిబెల్స్ తోడవుతాయి, అంతే. డెసిబెల్స్‌లో ఆ 5 కూడా తక్కువేమీ కాదు. ప్లగ్ పెట్టాక ఇంపాక్ట్ స్పోర్ట్ అసలు ఉపయోగం బయటపడుతుంది. వాల్యూమ్ నాబ్‌ను బాగా పైకి తిప్పితే ఇన్‌స్ట్రక్టర్ గొంతు ప్లగ్‌ను దాటుకుని వినపడుతుంది. స్పీకర్ ఇచ్చేదానికి 82 దగ్గర కళ్లెం ఉంది, మధ్యలో ప్లగ్ ఉంది, కాబట్టి వాల్యూమ్ పెంచినా చెవికి ఇబ్బంది లేదు. ప్లగ్ లేకుండా అంత వాల్యూమ్ పెడితే మాత్రం బూట్ల కింద గులకరాళ్ల కరకర, గాలి హోరు కలిసి మధ్యాహ్నానికే తలనొప్పి తెప్పిస్తాయి.

ప్లగ్ పెట్టడంలో తొందర పనికిరాదు. వేళ్ల మధ్య ముడతలు పడకుండా సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు రంధ్రం తిన్నగా అవుతుంది, ప్లగ్ లోపలికి జారుతుంది. అది ఉబ్బేదాకా 20 నుంచి 30 సెకన్లు వేలితో అదిమి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే మీ గొంతు మీకే బొంగురుగా, తలలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. సగం బయటికి కనిపిస్తుంటే తీసి మళ్లీ పెట్టుకోవాలి. ఇదంతా పొద్దున తుపాకీని, మ్యాగజైన్లను ముట్టుకోకముందే అయిపోవాలి. కాల్చిన చేతులకు సీసం అంటుకుంటుంది, ఆ వేళ్లతో నలిపిన ఫోమ్‌ను చెవిలో పెట్టుకోవడం మంచిది కాదు. భోజనానికి తీస్తే, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కొత్త జత. పూటకో జత చొప్పున రెండు రోజులకు నాలుగు, జారి నేల మీద పడేవాటికి మరో రెండు పెట్టుకోండి.

ఇక కళ్లద్దాలు. దళసరి కాడలున్న సేఫ్టీ గ్లాసులు కుషన్‌ను ఎత్తిపట్టి, కణత దగ్గర సందు చేస్తాయి. మఫ్ చప్పుడును బాగా లోపలికి వదులుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ సందే. కాడలు పలచగా, తిన్నగా ఉన్నవి ఎంచుకోవాలి. మార్పిడికి దొరికే జెల్ కుషన్లు కాడ చుట్టూ సర్దుకుంటాయి, వెంట వచ్చే గట్టి కుషన్ల కన్నా ఎండలో హాయిగా ఉంటాయి. మఫ్‌తో పాటు ఇంకేమైనా కొనదలిస్తే ముందు అవే కొనండి. టోపీ తప్పనిసరి, ఎందుకంటే పక్కవాడి తుపాకీలోంచి ఎగిరిన వేడి ఖాళీ తూటా కేసు కంటికీ అద్దానికీ మధ్య పడుతుంది. టోపీ నడినెత్తిన ఉండే గుండీ సరిగ్గా మఫ్ పట్టీ కింద పడి పొడుస్తుంది. దాన్ని కోసేయండి, లేదా గుండీ లేని టోపీ తెచ్చుకోండి.

కంగారు పెట్టే సంగతి ఇంకొకటుంది. నాబ్‌ను కదపకుండా 4 గంటలు గడిస్తే ఇంపాక్ట్ స్పోర్ట్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ ఆదాకు పెట్టిన ఏర్పాటే అయినా, డ్రిల్లు మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం అయ్యేసరికి బ్యాటరీ పోయిందనుకుంటారు. కొందరు మాట వినడానికి ఒక కప్పు ఎత్తుతారు, అదే క్షణంలో పక్క లేన్‌లో పేలుతుంది. నాబ్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ పలుకుతుంది. ప్రతి విరామంలో ఆ పని అలవాటుగా చేసేస్తే సరి. ఇది రెండు ట్రిపుల్-ఏ బ్యాటరీలతో నడుస్తుంది, రెండు రోజులకు ఒక జత బాగా చాలు. అయినా కొత్తవి వేసుకుని వెళ్లి, ఇంకో జత జేబులో ఉంచుకోండి. కోర్సు అయ్యాక తీసేయండి, అందులోనే నెలలు వదిలేస్తే ఆల్కలైన్ బ్యాటరీలు కారి స్ప్రింగులను తినేస్తాయి.

రైఫిల్ కోర్సుకైతే దీని సన్నటి కప్పులు కలిసొస్తాయి. కింది అంచు లోపలికి వాలి ఉండటంతో చెంపను రైఫిల్ వెనక భాగమైన బట్ మీద ఆనిస్తే కప్పు అంతగా తగలదు. బరువైన మఫ్‌లు ఇక్కడే పక్కకు జరిగి గాలి సందు చేస్తాయి. పాటలకు 3.5 ఎం.ఎం. జాక్ కూడా ఇచ్చారు, కోర్సులో దానికి పనిలేదు. వర్షంలో జాగ్రత్త, మైకుల్లోకి తడి చేరితే గరగర మొదలవుతుంది. వాన పడే సూచన ఉంటే నీటికి తట్టుకునే సోర్డిన్ సుప్రీమ్ ప్రో-ఎక్స్ మేలు, కానీ దాని ధర చాలా ఎక్కువ. ఎక్కువ ధరకు ఎక్కువ రేటింగ్ వస్తుందనుకుంటే పొరపాటే, దానిది 18 మాత్రమే. దాని కిందా ప్లగ్ కావాల్సిందే. ఇంపాక్ట్ స్పోర్ట్ ధరకు దగ్గర్లో పోటీ వాకర్స్ రేజర్ స్లిమ్, రేటింగ్ 23. ఆ ఒక్క పాయింటు చూసి నిర్ణయించకండి, మీ తలకు ఏది బిగువుగా, సందు లేకుండా కూర్చుంటే అది తీసుకోండి.

వెళ్లే వారం ముందే ఇంట్లో ప్లగ్, మఫ్, అద్దాలు, టోపీ అన్నీ కలిపి గంట పాటు పెట్టుకుని ఉండండి. నడినెత్తినో కణతలోనో నొప్పి పుడితే పట్టీ జరపడానికో కుషన్ మార్చడానికో సమయం ఉంటుంది. డ్రై ప్రాక్టీస్ (తూటాలు లేకుండా సాధన) చేసేవాళ్లు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితో, వేలితో చూసుకుని, ఇదే వేషంలో డ్రా చేసి, అంటే హోల్‌స్టర్‌లోంచి తుపాకీ తీసి చూడండి. అద్దాల కాడ జారడం, కప్పు మెడపట్టీకి తగలడం లాంటివన్నీ అప్పుడే బయటపడతాయి.

పైకప్పున్న రేంజ్‌లో రైఫిల్ కోర్సు తీసుకునేవాళ్లు, చెవుల్లో ప్లగ్ పెట్టుకోవడం అస్సలు ఇష్టపడనివాళ్లు మాత్రం ఇది కొనకపోవడమే మంచిది, వాళ్లకు 22 చాలదు.