ఎయిర్‌డ్రాప్‌లో చేరే ముందు ఈథర్‌స్కాన్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఎయిర్‌డ్రాప్ అంటూ ఫ్రీ టోకెన్లు (క్రిప్టో నాణేలు) ఇస్తాం, నలుగురిని చేర్పిస్తే ఇంకా ఇస్తాం అనే లింకులు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తూనే ఉంటాయి. వాటి జోలికి వెళ్లే ముందు నేను తెరిచేది ఈథర్‌స్కాన్. 2015 నుంచి ఉన్న సైటు. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో, అంటే అందరికీ కనిపించే క్రిప్టో చిట్టాలో, జరిగే లావాదేవీలన్నీ ఇందులో చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు, వాలెట్ (క్రిప్టో దాచుకునే ఖాతా) కనెక్ట్ చేయక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

వైట్‌పేపర్ (ప్రాజెక్టు గురించి వాళ్లు రాసుకున్న పత్రం), టీమ్ ఫొటోలు ఎవరైనా తయారు చేసుకోగలరు. అందుకే నేను ముందు చూసేది హోల్డర్స్ ట్యాబ్. టోకెన్ కాంట్రాక్ట్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) అడ్రస్ పెట్టి వెతికితే, ఏ అడ్రస్‌లో ఎంత శాతం ఉందో పెద్ద వాటా నుంచి వరసగా వస్తుంది. మొదటి వరసలోనే 60, 70 శాతం కనిపించినంత మాత్రాన మోసమని అనుకోను. పక్కన చిన్న కాగితం గుర్తు ఉంటే అది కాంట్రాక్ట్. కొంతకాలం అమ్మకుండా లాక్ చేసిన వాటా కావచ్చు, నొక్కి చూడాలి. ఆ గుర్తూ లేక, ఏ ఎక్స్ఛేంజ్ పేరూ లేకపోతే సరుకంతా ఎవరో ఒకరి గుప్పిట్లో ఉన్నట్టే. నేను అక్కడితో ఆపేస్తాను.

తర్వాత ట్రాన్స్‌ఫర్స్. కొనేవాళ్లు వందల్లో ఉండి అమ్మేవాళ్లు ఒకరిద్దరే కనిపిస్తే అనుమానించాల్సిందే. 2021 నవంబరులో కుప్పకూలిన స్క్విడ్ టోకెన్ అలాంటిదే. ధర 2,800 డాలర్లు దాటింది గానీ, కొన్న జనం అమ్ముకోలేకపోయారు. అది ఉన్నది వేరే బ్లాక్‌చెయిన్‌లో. దానికి ఇదే రూపంలో బీఎస్‌సీస్కాన్ అనే సైటు ఉంది.

చాలామంది పొరబడేది కాంట్రాక్ట్ ట్యాబ్ మీది ఆకుపచ్చ టిక్కు చూసి. కోడ్ బయటపెట్టారని తప్ప దానికి వేరే అర్థం లేదు. కావాల్సినన్ని కొత్త టోకెన్లు సృష్టించుకునే వీలు, నచ్చని వాలెట్‌ను అమ్మకుండా ఆపే వీలు ఆ కోడ్‌లోనే ఉండొచ్చు. కోడ్ చదవడం రానివాళ్లకు ఇక్కడ చిక్కే.

అడక్కుండా వాలెట్‌లో వచ్చి పడే టోకెన్లు ఇంకో తలనొప్పి. పేరులోనే వెబ్‌సైట్ అడ్రస్ ఉంటుంది, వచ్చి క్లెయిమ్ చేసుకోమని. ఎవరో పేరున్న మనిషి వాలెట్ నుంచే వచ్చినట్టు కూడా కనిపించవచ్చు. కాంట్రాక్ట్ రాసేది మోసగాళ్లే కాబట్టి అది వాళ్లకు కష్టమేం కాదు. వాటిని ముట్టుకోను. మన టోకెన్లు తీసుకునేందుకు ఏ కాంట్రాక్టుకు ఏం పర్మిషన్ ఇచ్చామో ఈథర్‌స్కాన్‌లోని టోకెన్ అప్రూవల్ చెకర్‌లో అప్పుడప్పుడు చూస్తాను. రద్దు చేయాలంటే గ్యాస్ ఫీజు (లావాదేవీకి నెట్‌వర్క్ తీసుకునే రుసుము) పడుతుంది, తప్పదు.

నిజమైన ఎయిర్‌డ్రాప్‌లు లేవని కాదు. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే టోకెన్ల మారకం వేదిక అప్పటిదాకా తమను వాడిన ఒక్కో వాలెట్‌కు 400 టోకెన్లు ఇచ్చింది. గ్యాస్ ఫీజు తప్ప ఏమీ కట్టించుకోలేదు, సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌కు తాళంచెవి లాంటి పదాల వరస) అడగలేదు.

అసలు బ్లాక్‌చెయినే లేకపోతే ఈథర్‌స్కాన్ మాత్రం ఏం చూపిస్తుంది? వన్‌కాయిన్ అనే క్రిప్టో మోసం అలా నడిచిందే. దాన్ని నడిపిన రూజా ఇగ్నటోవా 2017లో మాయమైంది. అందుకే ఎవరైనా చేరమంటే ముందు కాంట్రాక్ట్ అడ్రస్ అడుగుతాను. "లిస్టింగ్ (ఎక్స్ఛేంజ్‌లోకి రావడం) అయ్యాక ఇస్తాం, ఇప్పటికి యాప్‌లో బ్యాలెన్స్ చూసుకోండి" అంటే, ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేస్తాను.