పక్కింటివాళ్ల వేధింపు: పోలీస్ స్టేషనా, కోర్టా, లోక్ అదాలతా?

ఈ రెండు నెలల్లో నలుగురు ఇదే అడిగారు, అందరూ బెంగళూరులో ఉంటున్న మనవాళ్లే. పక్కింటాయన గేటుకి అడ్డంగా బండి పెడతాడు, అడిగితే బూతులు. ఎటు వెళ్లాలి?

చెయ్యి చేసుకున్నా, ఇంట్లో ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడినా ఇక లెక్కలు వద్దు. వెంటనే 112కి ఫోన్ చేసి, తర్వాత స్టేషన్‌లో రాసివ్వండి. కన్నడ రాయడం రాదని ఆగకండి, ఇంగ్లిష్‌లో ఇచ్చినా తీసుకుంటారు.

ఉత్త తిట్లు, రోజువారీ సతాయింపు అయితే ఎక్కువగా ఎన్‌సీఆర్ (పోలీసులు నేరుగా కేసు కట్టలేని చిన్న నేరాల ఫిర్యాదు రాసుకున్న కాగితం) చేతిలో పెట్టి పంపుతారు. అది ఎఫ్ఐఆర్ కాదు. మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు, 2024 జూలైలో కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినా ఇది మారలేదు. పిలిచి మందలిస్తారు. పది రోజులు గప్‌చుప్, పదకొండో రోజు బండి మళ్లీ గేటు ముందే. అయినా ఆ కాగితం దాచుకోండి.

సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే ఫలానా పని చేయొద్దని ఉత్తర్వు ఇమ్మని అడిగే దావా, గట్టిదే. దారి, గోడ తగాదాలకు అదే మందు. తాత్కాలిక ఉత్తర్వు త్వరగా రావచ్చు గానీ అసలు దావా ఏళ్లు పడుతుంది. అద్దెకున్నవాళ్లు ఈలోపు ఇల్లే మారిపోతారు.

అసోసియేషనా? చెప్పి చూడండి, పోయేదేముంది.

నేనైతే లీగల్ సర్వీసెస్ అథారిటీ (లోక్ అదాలత్‌లు నడిపే ప్రభుత్వ న్యాయసేవా సంస్థ) వైపే. ఎందుకంటే మర్నాడు పొద్దున ఆ మనిషి లిఫ్టులో ఎదురుపడతాడు! పోలీసులు పిలిపిస్తే పరువు పోయిందని పగపడతాడు. ఇక్కడ దావా వేయకముందే అర్జీ పెట్టొచ్చు, కోర్టు ఫీజు లేదు, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు (ఆ రాజీని రాసిచ్చే తీర్పు) ఇస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మాది అలాగే తెమిలింది. బండి ఎక్కడ పెట్టాలో, నీళ్ల మోటారు ఎన్నింటికి వేయాలో కూడా రాసుకున్నాం. ఆయన ఇప్పటికీ పలకరించడు, తిట్టడం మాత్రం మానేశాడు. అవతలివాళ్లు ససేమిరా అంటే బలవంతం లేదు, అప్పుడిక సివిల్ కోర్టే.

వెళ్లేటప్పుడు ఎన్‌సీఆర్ జిరాక్స్, సీసీటీవీ క్లిప్పులు, ఏ రోజు ఏం జరిగిందో రాసిన నోట్‌బుక్ పట్టుకెళ్లండి. మా నోట్‌బుక్ అత్తయ్య రాసింది, 22 పేజీలు. ఆయన తిట్లన్నీ పొల్లుపోకుండా రాసి, ఎదురుగా తను తిట్టినవి కూడా రాసేసింది.